స్పోర్టీ హ్యాచ్‌బ్యాక్ కొంటున్నారా? ముందు ఈ మూడు లెక్కలు వేసుకోండి

ఫోన్ రివ్యూలు చదివే మనందరికీ ఒక విషయం బాగా తెలుసు. ఆన్‌టుటు స్కోరు భారీగా ఉన్న ఫోన్ కూడా అరగంట గేమ్ ఆడితే వేడెక్కి, ఫ్రేమ్‌లు పడిపోవచ్చు. అందుకే స్కోరు ఒక్కటే చూసి కొనొద్దని ఫ్రెండ్స్‌కి చెప్తుంటాం. కానీ కారు దగ్గరికొచ్చేసరికి మనమే హార్స్‌పవర్ అంకె చూసి పడిపోతాం. నేనూ పడిపోయాను.

మాది ఉమ్మడి చిత్తూరు జిల్లా సోమల. ఉద్యోగం బెంగళూరులో. నెలకు రెండుసార్లు ఊరికి పోతాను. కోలారు, ముళబాగిలు దాకా హైవే, ఆ తర్వాత పుంగనూరు, చౌడేపల్లె మీదుగా ఊరు. ఒక వైపు దాదాపు 150 కిలోమీటర్లు. అప్పుడప్పుడు నాయనను చెకప్‌కు తిరుపతి తీసుకెళ్లాలి. మా ఇంట్లో ఇదే మొదటి కారు, లోన్ నా పేరు మీదే. ఫోన్ నచ్చకపోతే ఏడాదికి మార్చేస్తాం. ఇక్కడ తప్పు చేస్తే ఐదేళ్లు ఈఎంఐ కడుతూ కూర్చోవాలి.

నా లిస్టులో మూడు కార్లు మిగిలాయి: 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్, ఐ20 ఎన్ లైన్, ఆల్ట్రోజ్ రేసర్. "విదేశాల్లో ఉన్న స్విఫ్ట్ స్పోర్ట్ ఇక్కడ ఎందుకు లేదు?" అని చాలామంది అడుగుతుంటారు. మన దగ్గర పెట్రోల్ కారుకు చిన్న కారు పన్ను పడాలంటే పొడవు 4 మీటర్ల లోపు, ఇంజిన్ 1,200 సీసీ లోపు ఉండాలి. స్విఫ్ట్ స్పోర్ట్ ఇంజిన్ 1.4 లీటర్లు. వస్తే పెద్ద కార్ల పన్ను పడి ధర ఎక్కడికో పోతుంది. మన చిన్న స్పోర్టీ కార్లు ఎక్కువగా 1.0, 1.2 లీటర్ల దగ్గరే ఆగిపోవడానికి ఈ పన్ను ఒక పెద్ద కారణం.

మొదటి లెక్క: పర్ఫార్మెన్స్

స్విఫ్ట్‌ది 1.2 లీటర్ల మామూలు ఇంజిన్, 82 పీఎస్, 112 ఎన్‌ఎమ్. ఐ20 ఎన్ లైన్‌ది 1.0 టర్బో, 120 పీఎస్, 172 ఎన్‌ఎమ్. ఆల్ట్రోజ్ రేసర్‌ది 1.2 టర్బో, 120 పీఎస్, 170 ఎన్‌ఎమ్. పేపర్ మీద స్విఫ్ట్ అప్పుడే ఓడిపోయింది.

అయితే పవర్‌ను బరువుతో భాగించి చూడాలి. స్విఫ్ట్ బరువు 920 కిలోల చిల్లర. అంటే టన్నుకు 89 పీఎస్. టర్బో కారు 1,100 కిలోలు అనుకుంటే టన్నుకు 109. తేడా ఉంది, కానీ 82కీ 120కీ ఉన్నంత లేదు. ఒక్కడినే డ్రైవ్ చేసినప్పుడు స్విఫ్ట్ హుషారుగా అనిపించేది ఈ తక్కువ బరువు వల్లే.

ఇప్పుడు కారులో ఇంకో 300 కిలోలు వేయండి. నలుగురు మనుషులు, ఒక బియ్యం మూట, ఒక టమోటా బాక్సు. స్విఫ్ట్ 67కు పడిపోతుంది, టర్బో 86 దగ్గర ఉంటుంది. దీనికి ఎత్తు కూడా తోడవుతుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన, మదనపల్లె 700 మీటర్ల దగ్గర. గాలి పలచబడే కొద్దీ మామూలు ఇంజిన్ ప్రతి 100 మీటర్లకు దాదాపు 1 శాతం పవర్ పోగొట్టుకుంటుంది. టర్బో గాలిని నొక్కి పంపుతుంది కాబట్టి ఆ నష్టాన్ని చాలావరకు పూడ్చుకుంటుంది.

ఇంకోటి, టార్క్ ఏ ఆర్‌పీఎమ్ దగ్గర వస్తుందో చూడండి. ఐ20 ఎన్ లైన్‌కు 1,500 నుంచే పూర్తి టార్క్ ఉంటుంది. స్విఫ్ట్‌కు 4,300 దగ్గర. రెండు లేన్ల రోడ్డు మీద టమోటా లారీని దాటాలంటే టర్బోలో కాలు నొక్కితే చాలు. స్విఫ్ట్‌లో ఒక గేరు దించాలి, లేదంటే ఓపిక పట్టాలి.

రెండో లెక్క: రిలయబిలిటీ

ఒకసారి ఆఫీసు ఫ్రెండ్ దగ్గర డీసీటీ గేర్‌బాక్స్ ఉన్న టర్బో కారు తీసుకుని ఊరికి పోయాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. హైవే మీద అద్భుతం. తిరిగి వచ్చేటప్పుడు అమ్మానాయనలను కూడా తీసుకొచ్చాను. ఎండాకాలం, హోస్కోట దాటగానే ట్రాఫిక్ జామ్. అంగుళం అంగుళం కదులుతుంటే గేర్‌బాక్స్ వేడెక్కిందని డిస్‌ప్లే మీద వార్నింగ్ వచ్చింది. రోడ్డు పక్కన 40 నిమిషాలు ఆగాం. నాయన చెమటలు తుడుచుకుంటూ ఒకటే మాటన్నాడు: "ఎంత బిరీన పోతాదో తర్వాత చూడు నాయనా, యాళకు చేరుస్తాదా లేదా ముందు అది చూడు."

ఇది అచ్చం ఫోన్ల థర్మల్ థ్రాట్లింగ్ లాంటిదే. చిన్న కార్ల డీసీటీల్లో ఎక్కువగా డ్రై క్లచ్‌లు ఉంటాయి. వాటిని చల్లబరచడానికి ఆయిల్ ఉండదు. మెల్లగా పాకే ట్రాఫిక్‌లో క్లచ్ సగం పట్టి సగం వదులుతూ జారుతుంటుంది, ఆ రాపిడికి వేడి పుడుతుంది. కాబట్టి టర్బో కావాలి, రోజూ ట్రాఫిక్ తప్పదు అనుకుంటే మాన్యువల్ గేర్‌బాక్స్ వైపు చూడండి. ఆల్ట్రోజ్ రేసర్‌లో 6 స్పీడ్ మాన్యువల్ మాత్రమే ఇచ్చారు. ఐ20 ఎన్ లైన్‌లో 2023 నుంచి మాన్యువల్ కూడా ఉంది.

టర్బో ఇంజిన్‌కు కంపెనీ చెప్పిన గ్రేడ్ ఆయిలే పోయాలి, టైముకు మార్చాలి. అందుకే కొనే ముందు మీ ఊరికి దగ్గర్లో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఎక్కడుందో, పార్ట్ ఆర్డర్ పెడితే ఎన్ని రోజులకు వస్తుందో ఫోన్ చేసి కనుక్కోండి. బెంగళూరులో ఉన్న సౌకర్యం సోమలలో ఉండదు.

మూడో లెక్క: డబ్బు

స్విఫ్ట్ మాన్యువల్‌కు కంపెనీ చెప్పే మైలేజీ లీటరుకు 24.8. అది ల్యాబ్‌లో రోలర్ల మీద, ఏసీ ఆపేసి, గంటకు 90 కిలోమీటర్లు దాటకుండా చేసే టెస్టు. నా లెక్కకు స్విఫ్ట్‌కు 18, హుషారుగా నడిపే టర్బోకు 13 అనుకున్నాను. నెలకు 1,000 కిలోమీటర్లు, పెట్రోల్ 105 రూపాయలు. ఏడాదికి స్విఫ్ట్‌కు 70,000, టర్బోకు దాదాపు 97,000. తేడా నెలకు 2,250.

మనమంతా మైలేజీ దగ్గరే వాదించుకుంటాం కానీ అసలు దెబ్బ వేరే చోట ఉంది. ఆన్‌రోడ్ ధరలో తేడా 3 లక్షలు అనుకుంటే, 9 శాతం వడ్డీకి ఐదేళ్ల లోన్ మీద అదనపు ఈఎంఐ 6,200 పైనే. పెట్రోల్‌తో కలిపితే నెలకు దాదాపు 8,500. అమ్మేటప్పుడు కొంత తిరిగొస్తుంది, నిజమే. కానీ ఈఎంఐ కట్టాల్సింది ఇప్పుడు.

చివరికి ఏం కొన్నాను?

ఏడాదిలో నా ట్రిప్పులు లెక్కపెట్టాను. నిండు కారుతో పోయేది నెలకు ఒకసారి కంటే తక్కువ. మిగతావన్నీ ఒక్కడినే. స్విఫ్ట్ మాన్యువల్ తీసుకున్నాను. ఎత్తు ఎక్కేటప్పుడు గేరు దించుతాను, లారీ వెనకాల కాసేపు ఆగుతాను. టర్బో తోపు గుర్తొచ్చి అప్పుడప్పుడు మనసు లాగుతుంది, అబద్ధం చెప్పను.

మీరు వారం వారం నలుగురితో ఘాట్ ఎక్కేవాళ్లయితే నా సమాధానం మీకు పనికిరాదు, టర్బో మాన్యువల్ తీసుకోండి. అయితే టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కరే పోవద్దు. నలుగురు కూర్చోండి, ఏసీ వేయండి, మూడో గేరులో 40 నుంచి 80కి ఎంతసేపు పడుతుందో ఫోన్ స్టాప్‌వాచ్‌లో చూడండి. ఆటోమేటిక్ అయితే పావుగంట ట్రాఫిక్‌లో పాకించండి. షోరూమ్ వాళ్లు విసుక్కుంటారు, పర్లేదు. ఐదేళ్లు కట్టేది మీరే కదా.