ఇంటిల్లిపాదికీ క్యారెట్ బెల్లం కూర

పిల్లల వార్డు నుండి బిడ్డను ఇంటికి పంపేటప్పుడు ఏమేమి పెట్టాలో తల్లికి చెప్పడం మా అలవాటు. ఆ మాటల్లో క్యారెట్ తప్పకుండా ఉంటుంది. తల్లి తల ఊపుతుంది. మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు, "పెట్టానమ్మా, ఉమ్మేశాడు" అంటుంది. కొందరు పచ్చి క్యారెట్ చేతికిచ్చి ఊరుకుంటారు. మరికొందరు నీళ్ళలో ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, చప్పటి ముక్కలు కంచంలో వేస్తారు. ఇందులో తల్లి తప్పేమీ లేదు. "క్యారెట్ పెట్టండి" అన్నామే గాని ఎలా వండాలో మేము చెప్పలేదు. గనుక ఈసారి మందుల సంగతి కాస్త పక్కన పెట్టి పొయ్యి దగ్గరకు వెళ్దాం.

ఐరోపా దేశాల ఇళ్ళలో క్యారెట్ వండే పాత పద్ధతి ఒకటి ఉంది. ముక్కలను కొద్దిపాటి నీళ్ళు, వెన్న, చక్కెరతో ఒకే గిన్నెలో ఉడికిస్తారు. నీరంతా ఇగిరిపోయి ముక్కల చుట్టూ మెరిసే పాకంలా పట్టేవరకు పొయ్యి మీద ఉంచుతారు. ఫ్రాన్సులో విషీ అనే ఊరు ఖనిజపు నీటి ఊటలకు పేరు పొందింది. ఇలా వండిన క్యారెట్ చక్రాలను ఆ ఊరి పేరుతోనే పిలుస్తారు. ఇంగ్లీషువారి, అమెరికావారి ఇళ్ళలో పండుగ భోజనంలో మాంసం పక్కన దీనిని వడ్డిస్తారు.

కూరలో తీపి ఏమిటని ముఖం చిట్లించనక్కర లేదు. తియ్యగుమ్మడికాయ ముక్కల్లో బెల్లం వేసి మగ్గబెట్టుకునే వాళ్ళమే మనం. దప్పళంలో బెల్లం ముక్క పడకపోతే ఒప్పుకోని ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. కాబట్టి చక్కెర స్థానంలో బెల్లం, వెన్న స్థానంలో నెయ్యి వేసుకుంటే ఇది మన కూరే.

ఈ పద్ధతి మాకు నచ్చడానికి కారణం రుచి ఒక్కటే కాదు. క్యారెట్‌కు రంగునిచ్చే బీటా కెరోటిన్ మన శరీరంలోకి వెళ్ళాక ఏ విటమిన్‌గా మారుతుంది. అయితే అది పచ్చి ముక్కలో గట్టి కణాల గోడల మధ్య బంధించబడి ఉంటుంది. ఉడికితే ఆ గోడలు మెత్తబడి కెరోటిన్ బయటకు వస్తుంది. అది నీటిలో కరగదు, కొవ్వులోనే కరుగుతుంది. భోజనంలో కొంచెం నూనెగాని నెయ్యిగాని లేకపోతే పేగులు దానిని సరిగా పీల్చుకోలేవు. అంటే నూనె చుక్క లేకుండా ఉడికించి పెట్టిన క్యారెట్‌లోని కెరోటిన్ చాలావరకు వంటబట్టకుండానే పోతుంది. ఇక పొటాషియం, సి విటమిన్ వంటివి నీటిలో కరిగేవి. ఉడికిన నీళ్ళు పారబోస్తే వాటిలో కొంత భాగం తూములోకి పోతుంది. ఈ కూరలో పారబోయడానికి నీళ్ళే మిగలవు.

ఐదుగురున్న ఇంటికి అరకిలో క్యారెట్లు చాలు. మూడు టీస్పూన్ల నెయ్యి, ఒక టేబుల్ స్పూన్ బెల్లం తురుము (సుమారు 15 గ్రాములు), పావు టీస్పూన్ ఉప్పు, చిన్న అల్లం ముక్క, చిటికెడు మిరియాల పొడి, అర నిమ్మచెక్క తీసుకోండి. నెయ్యి లేకపోతే వేరుశెనగ నూనె వాడండి, మేలులో తేడా రాదు. బజారులో నారింజ రంగు క్యారెట్ దొరికితే అదే తెచ్చుకోండి. చలికాలంలో వచ్చే ఎర్ర క్యారెట్ హల్వాకు బాగుంటుంది గాని కెరోటిన్ నారింజ రంగు దానిలోనే ఎక్కువ.

క్యారెట్లు కడిగి, తొక్క పలుచగా గీకి, నిలువుగా చీల్చి, వేలి కణుపంత ముక్కలుగా కోయండి. ముక్కలన్నీ ఒకే లావు ఉండాలి, లేకపోతే కొన్ని చిదిమిపోతాయి, కొన్ని కరకరలాడతాయి. వెడల్పు బాణలి తీసుకోండి. లోతు గిన్నెలో నీరు త్వరగా ఇగరదు. ముక్కలు, నెయ్యి, ఉప్పు, దంచిన అల్లం వేసి, ముక్కలు సగం మునిగేంత నీరు పోసి మూత పెట్టండి. మధ్యస్తంగా ఉన్న మంట మీద 8 నుండి 10 నిమిషాల్లో చాకు మొన సులభంగా దిగుతుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఇంట్లో షుగరు ఉన్నవారికి, రెండేళ్ళలోపు బిడ్డకు కావలసిన ముక్కలను బెల్లం పడకముందే వేరే గిన్నెలోకి తీసేయండి. క్యారెట్‌లో ఉన్న తీపి వారికి సరిపోతుంది. బిడ్డకు పెట్టేది మెత్తగా మెదపాలి. గుండ్రంగా కోసిన గట్టి ముక్క చిన్నపిల్లల గొంతుకు అడ్డం పడుతుంది. చక్రాలు వద్దని, నిలువుగా చీల్చమని మేము అన్నది అందుకే.

మిగిలిన దానిలో బెల్లం వేసి, మూత తీసి, మంట పెంచండి. బెల్లంలో ఇసుక ఉంటుందనుకుంటే ముందే రెండు స్పూన్ల వేడినీటిలో కరగబెట్టి వడకట్టి పోయండి. నాలుగైదు నిమిషాల్లో పెద్ద బుడగలు వస్తాయి, నీరు చిక్కబడుతుంది. గరిటెతో పొడవకుండా బాణలినే కుదుపుతూ ఉండండి. ముక్కలు మెరిసిపోతూ, అడుగున పలుచని పాకం మాత్రమే మిగిలినప్పుడు దించి, మిరియాల పొడి చల్లి, నిమ్మరసం పిండండి. మొదటిసారి మేము మా వంటగదిలో చేసినప్పుడు ఎవరో పిలిచారని అటు తిరిగాము. బెల్లం మాడి చేదెక్కింది, బాణలి తోమడానికే ఆ పూటంతా పట్టింది. ఆ చివరి ఐదు నిమిషాలు మరో పని పెట్టుకోకండి. నెయ్యి విడిపోయి ముక్కలు జిడ్డుగా కనబడితే ఒక స్పూన్ నీళ్ళు చల్లి కుదిపితే మళ్ళీ కలుస్తుంది.

పప్పన్నంలోకి, చపాతీలోకి, పెరుగన్నంలో నంజుకోవడానికి ఇది బాగుంటుంది. మునుపు ఉమ్మేసిన పిల్లలు రెండోసారి అడిగి పెట్టించుకుంటారు. అడిగారు కదా అని బెల్లం రెట్టింపు చేయకండి. మేము చెప్పిన కొలతలో ఒక్కొక్కరికి 3 గ్రాములే పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం, రోజుకు 2,000 కేలరీలు తినే పెద్దవారికి అదనంగా కలిపిన తీపి 50 గ్రాములు దాటకూడదు, అందులో సగానికి తగ్గిస్తే ఇంకా మంచిది. బెల్లం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. టీలో, బిస్కెట్లలో, కూల్‌డ్రింకుల్లో ఎంత పోతుందో కూడా చూసుకోండి.

ఇప్పుడు ఈ కూర చేయలేని పని సంగతి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మీ బిడ్డ తడబడుతుంటే, ఎదుట ఉన్న గిన్నె కనిపించక తడుముకుంటుంటే, తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చ కనబడితే, అది ఏ విటమిన్ లోపం కావచ్చు. క్యారెట్ పెట్టి చూద్దామని ఒక్క రోజు కూడా ఆగవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఆ దశలో పెద్ద మోతాదు మందు ఇస్తే చూపు నిలుస్తుంది. నల్లగుడ్డు పుండుపడి మెత్తబడిపోయాక ఆ చూపును మేము తిరిగి తేలేము. తట్టు వచ్చి తగ్గిన బిడ్డ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. 9వ నెలలో తట్టు టీకాతో పాటు లక్ష యూనిట్ల ఏ విటమిన్, ఆ తరువాత 5 ఏళ్ళు నిండేవరకు ఆరు నెలలకొకసారి రెండు లక్షల యూనిట్ల చొప్పున, మొత్తం 9 మోతాదులు ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నాయి. కార్డు తీసి ఏ మోతాదు తప్పిందో చూడండి.

కళ్ళజోడు ఉన్న పిల్లల తల్లులు కూడా క్యారెట్ గురించి అడుగుతుంటారు. జోడు నంబరు దీనివల్ల తగ్గదు. రెండవ ప్రపంచ యుద్ధంలో తమ పైలట్లు క్యారెట్లు తిని చీకట్లో శత్రు విమానాలను కనిపెడుతున్నారని బ్రిటిష్‌వారు ప్రచారం చేశారు. నిజానికి వారి విమానాల్లో రాడార్ ఉంది. ఆ కథ ఇంకా మనల్ని వదలలేదు.

రోజూ ఎక్కువగా తినే పిల్లల అరచేతులు, అరికాళ్ళు పసుపు పచ్చగా మారవచ్చు. కళ్ళలో తెల్లగుడ్డు తెల్లగానే ఉంటే అది కామెర్లు కాదు, క్యారెట్ కొన్నాళ్ళు తగ్గిస్తే రంగు పోతుంది. తెల్లగుడ్డు కూడా పచ్చబడితే మాత్రం రక్తపరీక్ష చేయించాలి.

క్యారెట్ ధర పెరిగిన వారంలో ఇదే కొలతతో తియ్యగుమ్మడికాయ వండుకోండి. అది త్వరగా ఉడుకుతుంది గనుక నీరు సగానికి తగ్గించండి, మూత పెట్టి ఐదు నిమిషాలు చాలు.