పెళ్ళి వీడియో డిస్కులో దాచాలా, లింకులో తెచ్చుకోవాలా?

ఒడిశాలోని బరంపురం తెలుగువాళ్ళ ఇంట్లో పెళ్ళయితే చుట్టాలు ఒక్క ఊళ్ళో ఉండరు. వియ్యాలవారిది ఇచ్ఛాపురమో పలాసో, మేనమామ సూరత్‌లో, పెద్దమ్మాయి అమెరికాలో. వీడియో అందరికీ కావాలి. ఒకప్పుడు వీహెచ్ఎస్ క్యాసెట్ ఇచ్చిన స్టూడియోలే తర్వాత సీడీలు, డీవీడీలు ఇచ్చాయి, ఇప్పుడు పెన్‌డ్రైవ్ చేతిలో పెడుతున్నాయి, లేదంటే ఫోనుకి లింకు పంపుతున్నాయి. నా లెక్కలో చూసుకోడానికి ఫైలు, పంచుకోడానికి లింకు, దాచుకోడానికి డిస్కు. ఒక్కదానితోనే మూడు పనులూ కానిచ్చేద్దామంటే ఎక్కడో ఒకచోట దెబ్బ తింటాం.

1. అడ్వాన్సు ఇచ్చే రోజే అడగండి. “డీవీడీ ఇస్తారా?” అని ఊరుకోకండి. ఎడిటింగ్ అయిన వీడియో పూర్తి నాణ్యతతో, ఎంపీ4 ఫైలుగా కావాలని చెప్పండి. మన దేశంలో ప్లేయర్‌లో ఆడే డీవీడీ బొమ్మ 720 అడ్డం, 576 నిలువు చుక్కలు. ఫుల్ హెచ్‌డీ అయితే 1920, 1080. అంటే కెమెరా తీసినదాంట్లో ఐదో వంతు చుక్కలే డీవీడీలోకి వస్తాయి. ఆ డిస్కును పెద్ద టీవీలో వేస్తే పెళ్ళికూతురి బరంపురం పట్టుచీర అంచు అలికేసినట్టు కనిపిస్తుంది. తప్పు డిస్కుది కాదు, అందులోకి కుదించి ఎక్కించిన పద్ధతిది. అదే డిస్కులో ఎంపీ4 ఫైలును ఉన్నది ఉన్నట్టు కాపీ చేస్తే నాణ్యత ఏమీ తగ్గదు.

ఎడిట్ చెయ్యని మొత్తం ఫుటేజీ కూడా కావాలంటే మీ హార్డ్‌డిస్క్ మీరే పట్టుకెళ్ళండి. సెకనుకి 100 మెగాబిట్ల చొప్పున తీసిన 4కే వీడియో గంటకి 45 జీబీ తింటుంది. స్టూడియోవాళ్ళు దాన్ని ఏళ్ళ తరబడి ఉంచరు, ఉంచాలనుకోవడమూ న్యాయం కాదు.

2. పెన్‌డ్రైవ్ తెచ్చుకోడానికే. ఇంటికి రాగానే కంప్యూటర్లోకి ఎక్కించెయ్యండి. బీరువాలో పడేసి, ఉందిలే అనుకోవద్దు. ఫైలు 4 జీబీ దాటితే పాత ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో అది ఎక్కదు. అప్పుడు ముక్కలు చేసి ఇస్తామంటారు. ఒప్పుకోకుండా ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చెయ్యమనండి. మీ టీవీ దాన్ని చదువుతుందో లేదో మాత్రం ముందు చూసుకోండి.

3. లింకు వస్తే ఆ వారంలోనే దింపుకోండి. ఆ ఫైలు ఉన్న అకౌంటు స్టూడియోది, మీది కాదు. వాళ్ళకి చోటు చాలకపోతే ముందు పోయేది పాత పెళ్ళిళ్ళే. మీ సొంత గూగుల్ అకౌంట్లో పెట్టుకుందామన్నా, ఉచితంగా దొరికేది 15 జీబీ. మెయిల్, ఫొటోలు అన్నీ అందులోనే సర్దుకోవాలి. 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫొటోస్‌లో కొత్తగా పెట్టేవన్నీ ఆ లెక్కలోకే వస్తున్నాయి. రెండేళ్ళు తెరవని అకౌంట్లను తీసేసే నిబంధన కూడా ఉంది. తాతగారి పేరున తెరిచి, ఆయన పోయాక ఎవరూ ముట్టని అకౌంటుంటే ఒకసారి చూడండి.

4. వాట్సాప్‌లో పంపేటప్పుడు వీడియోగా కాకుండా డాక్యుమెంటుగా జతచెయ్యండి. అప్పుడు కుదించదు. 2 జీబీ వరకూ వెళ్తుంది.

5. యూట్యూబ్‌లో లింకున్నవాళ్ళకే కనిపించేలా పెట్టడం అమెరికా చుట్టాలకి హాయి. కానీ మన పెళ్ళి వీడియోల్లో ఎడిటర్ సగం సినిమా పాటలే అతికిస్తాడు. హక్కుదారుల పాటను యూట్యూబ్ యంత్రమే పసిగడుతుంది. ఒక్కోసారి వీడియోను ఆపేస్తుంది, ఒక్కోసారి ప్రకటనలు పెడుతుంది. అందుకని పాటలు కలపని కాపీ కూడా ఒకటి అడగండి. మంగళవాద్యం, పురోహితుడి మంత్రం, ఆడపడుచుల పరాచికాలు అసలు వినబడేది అందులోనే! నా ఓటు ఎప్పుడూ ఈ కాపీకే.

6. ఇక డిస్కు. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు, ఫోన్లు ఎలా పోయాయో గంజాం జిల్లా వాళ్ళకి చెప్పనక్కర్లేదు. డిస్కుకి కరెంటుతో, నెట్టుతో, నెలవారీ చందాతో పనిలేదు. ఒకసారి రాసేశాక ఎవరూ పొరపాటున చెరపలేరు, వైరస్ అంటదు. హార్డ్‌డిస్క్ చేయిజారి కిందపడితే అంతే సంగతులు, డిస్కు పడితే తీసి తుడుచుకుంటాం.

దానికీ శత్రువులున్నారు. మనం రాయించుకునే మామూలు డీవీడీలో రంగు పొర ఉంటుంది, ఎండ తగిలితే చెడుతుంది. కిటికీ పక్క షెల్ఫ్ వద్దు. పైన బాల్‌పెన్నుతో రాయొద్దు, స్టిక్కర్ అంటించొద్దు. సముద్రపు గాలి తేమకి మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, డిస్కుల్ని నిలువుగా నిలబెట్టండి. డీవీడీలో 4.7 జీబీ, బ్లూరేలో 25 జీబీ పడతాయి. సోనీ 2025 ఫిబ్రవరిలో రాసుకునే బ్లూరేల తయారీ ఆపేసింది, వేరే కంపెనీలవి ఇంకా ఉన్నాయి. కొత్త ల్యాప్‌టాప్‌లలో డ్రైవ్ ఉండదు కాబట్టి యూఎస్‌బీ డ్రైవ్ ఒకటి కొని డిస్కులతోపాటే పెట్టండి.

7. రెండో కాపీ వేరే ఊళ్ళో ఉండాలి, అయితే ఏ ఊరో చూసుకోండి. ఫైలిన్‌కి సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబర్ 12న, హుద్‌హుద్ విశాఖను కొట్టింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. కనుక విశాఖలో తమ్ముడింట్లో పెట్టినా అది ఇదే తీరం. హైదరాబాద్ చెల్లెలికో సూరత్ మేనమామకో ఇస్తే నయం.

8. ఇంట్లో వీహెచ్ఎస్ క్యాసెట్లుంటే మిగతావన్నీ ఆపి ముందు వాటి సంగతి చూడండి. వీసీఆర్‌లు తయారుచేస్తున్న చివరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016 జులైలోనే మానేసింది. టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే ప్లేయర్‌లో పెట్టకండి. టేపు చిరగొచ్చు, ఆ బూజు హెడ్డుకంటి తర్వాతి క్యాసెట్‌కి ఎక్కుతుంది. శుభ్రం చేసి మార్చేవాళ్ళకి ఇవ్వండి. ఫైలుగా అడిగి తీసుకోండి, మళ్ళీ డీవీడీ చేయించుకోకండి.

9. పాత వీసీడీలో ఎంపెగ్‌ఏవీ ఫోల్డర్, డీవీడీలో వీడియో_టీఎస్ ఫోల్డర్ ఉంటాయి. వాటిని మొత్తంగా కంప్యూటర్లోకి కాపీ చెయ్యండి. చదవనని మొండికేస్తే ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూడండి, చాలాసార్లు చదువుతుంది.

10. కొన్న సినిమా డిస్కులు పాత సామాన్లవాడికి వెయ్యకండి. మోజర్ బేయర్ కంపెనీ సినిమా డిస్కులు చవగ్గా అమ్మిన రోజుల్లో కొన్న పాత తెలుగు సినిమాల్లో ఏది ఏ ఓటీటీలో ఎన్నాళ్ళుంటుందో ఎవరి చేతిలోనూ లేదు. పాడైన డిస్కుని మాత్రం దాచి లాభం లేదు.

11. పేర్లు రాయండి. బరంపురంలో మన పిల్లల్లో చాలామంది ఒడియా, ఇంగ్లీషు చదువుతారు, తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. అందుకని డబ్బా మీద తెలుగుతోపాటు ఇంగ్లీషులోనూ రాయండి: సంవత్సరం, ఊరు, ఎవరి పెళ్ళి. ఠాకురాణి అమ్మవారి యాత్రలో చిన్నవాడు పులివేషం కట్టిన వీడియో అయితే ఏ ఏటి యాత్రో తప్పకుండా రాయాలి. అది రెండేళ్ళకోసారి వస్తుంది, వేషాలన్నీ ఒకేలా ఉంటాయి. పాత పెళ్ళి వీడియో పెట్టి, అమ్మమ్మను పక్కన కూర్చోబెట్టి, పందిట్లో కనిపించేవాళ్ళు ఎవరెవరో చెప్పమని ఆమె మాటలు ఫోన్లో రికార్డు చెయ్యండి. ఆ ఫైలునూ ఆ పెళ్ళి వీడియోతోపాటే కొత్త డిస్కులో ఎక్కించండి.