పొగాకు ఖర్చు: ఒకసారి కూర్చుని లెక్క చూద్దాం



గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పిన ఉపమానం లూకా సువార్త 14వ అధ్యాయంలో ఉంది. ఇంటి ఖర్చుకు కూడా అదే పాఠం.

బియ్యం, నూనె, బడి ఫీజు మన లెక్కలోకి వస్తాయి. బీడీకట్ట, ఖైనీ పొట్లం రావు. ఆ డబ్బు కొద్దికొద్దిగా జేబులోంచే పోతుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు.

కూలికి వెళ్లే ఒక సోదరుడు బీడీలకు, అగ్గిపెట్టెకు రోజుకు 30 రూపాయలు పెడుతున్నాడనుకుందాం. నెలకు 900, సంవత్సరానికి 10,950 రూపాయలు. గుడ్డు 7 రూపాయలైతే, ఆ డబ్బుతో ఇంట్లో నలుగురికీ రోజూ తలా ఒక గుడ్డు పెట్టవచ్చు.

మన దేశంలో పొగాకు వాడే కుటుంబాలు పాలకు, చదువుకు తక్కువ ఖర్చు చేస్తున్నాయని 2008లో ప్రచురితమైన ఒక అధ్యయనం తెలిపింది. అంటే పొగ తాగేది తండ్రి అయినా, కోత పడేది పిల్లల పాలకు. ఇక గుండెజబ్బో, నోటి క్యాన్సరో వస్తే మందుల ఖర్చు, పోయిన కూలి, అప్పుకు వడ్డీ అదనం.

ఏమి చేయాలి?

1. పొగాకుకు పెట్టే ప్రతి రూపాయినీ ఒక నెలపాటు పుస్తకంలో రాయండి.

2. నెలాఖరున భార్యాభర్తలు కలిసి కూడండి. నిందించుకోవద్దు.

3. మానే తేదీ నిర్ణయించుకోండి. ఆ రోజు నుండి ఆ డబ్బును డబ్బాలో వేయండి.

4. మొదటి వారాల్లో చిరాకు, నిద్రలేమి సహజం. డాక్టరును కలవండి, లేదా 1800-11-2356కు ఉచితంగా ఫోను చేయండి.

ఒకసారి తప్పిపోతే నిరాశపడవద్దు. మరునాడే మళ్లీ మొదలుపెట్టండి. కుటుంబమంతా ప్రార్థనతో తోడుగా నిలవండి.