కీమో రోజుల్లో కనుబొమలు, రెప్ప వెంట్రుకలు



క్యాన్సరుకు మందు ఎక్కించుకుంటే తల వెంట్రుకలు రాలతాయని అందరూ విని ఉంటారు. కనుబొమలు, కనురెప్పల వెంట్రుకలు కూడా రాలవచ్చన్న సంగతి చాలామందికి అద్దంలో చూసుకున్నాకనే తెలుస్తుంది.

మన ఆత్మకూరు ప్రాంతంలో గుండు వింత కాదు. తిరుమలలోనో శ్రీశైలంలోనో తలనీలాలు ఇచ్చి వచ్చిన ఆడవాళ్లు, మగవాళ్లు బస్టాండులో ఎప్పుడూ కనబడుతూనే ఉంటారు. వాళ్లను ఎవరూ ఏమీ అడగరు. కొంగు కప్పుకుంటే ఆ గుండు కూడా కనబడదు. కనుబొమలు లేని ముఖాన్ని చూస్తే మాత్రం "ఏమైందమ్మా?" అని అడుగుతారు. ముఖం కప్పుకునే ముస్లిం అక్కచెల్లెళ్లకైతే బయటికి కనబడేవి కళ్లే. ఆ ఒక్క ప్రశ్నకు జడిసి ఆరాధనకు, పెళ్లిళ్లకు వెళ్లడం మానుకునేవారున్నారు. వెంట్రుకలు పోతాయని చికిత్సనే వాయిదా వేసేవారూ ఉన్నారు. క్యాన్సరు వాయిదాను ఒప్పుకోదు. అందుకే ఈ నెల ఈ పాఠం.

ఎందుకు రాలతాయి?

కీమో మందులు వేగంగా పెరిగే కణాలను దెబ్బతీస్తాయి. క్యాన్సరు కణాలతో పాటు వెంట్రుకల కుదుళ్లు కూడా వేగంగా పెరిగేవే. డాక్సోరూబిసిన్, పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ వంటి మందులతో వెంట్రుకలు ఎక్కువగా రాలతాయి. అన్ని మందులకూ ఇలా జరగదు. మీకు ఇచ్చే మందు సంగతి మీ డాక్టరును ముందే అడగండి. కరెంటు పెట్టించుకునేవారికి (రేడియేషన్) అది పెట్టిన చోట మాత్రమే వెంట్రుకలు రాలతాయి.

తల వెంట్రుకలు సాధారణంగా మొదటి మందు తర్వాత 2-3 వారాల్లో రాలడం మొదలవుతుంది. కనుబొమలు, రెప్ప వెంట్రుకలు తరచుగా ఆ తర్వాత పలచబడతాయి. కొందరికి చికిత్స చివరలో రాలతాయి. చికిత్స ముగిశాక ఎక్కువమందికి కొద్ది నెలల్లోనే మళ్లీ వస్తాయి.

ఇవి అందానికి మాత్రమే కాదు. కనుబొమలు చెమటను, రెప్ప వెంట్రుకలు దుమ్మును కంట్లో పడకుండా ఆపుతాయి. అవి లేనప్పుడు కళ్లు మండుతాయి, నీరు కారతాయి. మన ఎండలో, గాలిదుమ్ములో బయటికి వెళ్లేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి. మిరపకాయలు దంచే చోట, ధాన్యం తూర్పారబట్టే చోట, కట్టెల పొయ్యి పొగలో కూర్చోకండి.

విశ్వాసికి ఇది తగునా?

ఈ ప్రశ్న మన స్త్రీల సమాజాల్లో తప్పక వస్తుంది. పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయం అలంకారం గురించి హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక బయటి సింగారాన్నే గొప్పగా ఎంచుకోవడం గురించి. జబ్బు తీసుకుపోయిన కనుబొమను తిరిగి దిద్దుకోవడం సింగారం కాదు. ఉపవాసమున్నవారు దుఃఖముఖంతో తిరగక, ముఖం కడుక్కుని, తలకు నూనె రాసుకోవాలని ప్రభువే బోధించాడు (మత్తయి 6వ అధ్యాయం). బాధలో ఉన్నవారు ముఖాన్ని చక్కగా ఉంచుకోవడం తప్పు కాదని మనం దీని నుండి నేర్చుకోవచ్చు. దిద్దుకోవడం ఇష్టం లేనివారు మానవచ్చు. వారిని ఎవరూ బలవంతం చేయకూడదు, దిద్దుకున్నవారిని ఎవరూ విమర్శించకూడదు.

చికిత్స పొందుతున్నవారికి ముఖాన్ని దిద్దుకోవడం నేర్పే 'లుక్ గుడ్ ఫీల్ బెటర్' అనే కార్యక్రమం 1989లో అమెరికాలో మొదలై అనేక దేశాలకు వ్యాపించింది. ఇంట్లో ఒక అద్దం, ఒక పెన్సిలు ఉంటే మనమూ నేర్చుకోవచ్చు.

ముందు జాగ్రత్తలు

1. చికిత్స మొదలయ్యేలోపే, కనుబొమలు ఉన్నప్పుడే, ముఖాన్ని ఎదురుగా ఒక ఫోటో తీయించుకోండి. అది లేకపోతే పెళ్లి ఆల్బమ్ చూసి దిద్దుకోవచ్చు.

2. కీమోలో తెల్ల రక్తకణాలు తగ్గి, చిన్న సూక్ష్మక్రిమి కూడా పెద్ద జబ్బు తేగలదు. కొత్త ఐబ్రో పెన్సిలు కొనుక్కోండి. అక్కదైనా, కూతురిదైనా ఇంకొకరిది వాడకండి. మీది ఇంకొకరికి ఇవ్వకండి.

3. ఇంట్లో పట్టిన కాటుక, సుర్మా ఈ రోజుల్లో వద్దు. కొన్ని సుర్మాల్లో సీసం ఉంటుంది.

4. కనుబొమలకు పచ్చబొట్టు, దారంతో థ్రెడింగు చికిత్స ముగిసేవరకు వద్దు.

5. కొత్త వస్తువేదైనా ముందు మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి ఒక రోజు చూడండి. దద్దురు, దురద వస్తే వాడకండి.

6. ముఖానికి కరెంటు పెట్టించుకుంటున్నవారు అక్కడి సిబ్బందిని అడగకుండా ఆ చోట ఏమీ రాయకూడదు.

కనుబొమ దిద్దే పద్ధతి

చేతులు సబ్బుతో కడుక్కుని వెలుతురు వైపు కూర్చోండి. కంటిపైన వేలితో తడిమితే ఎముక గట్టు తెలుస్తుంది. కనుబొమ స్థానం అదే. పెన్సిలును కొలబద్దలా పట్టుకుని మూడు చుక్కలు పెట్టండి.

మొదటి చుక్క: పెన్సిలును ముక్కుపుటం పక్కన నిలువుగా, కంటి లోపలి మూల మీదుగా ఆనించండి. గట్టును తాకిన చోట కనుబొమ మొదలు.

రెండవ చుక్క: నేరుగా ముందుకు చూస్తూ, పెన్సిలును ముక్కుపుటం నుండి నల్లగుడ్డు మీదుగా వాల్చండి. కనుబొమ వంపు అక్కడ వస్తుంది.

మూడవ చుక్క: ముక్కుపుటం నుండి కంటి బయటి మూల మీదుగా వాల్చండి. కనుబొమ అక్కడ ముగుస్తుంది.

ఈ మూడింటినీ ఒకే గీతతో కలపకండి, బొమ్మకు గీసినట్లుంటుంది. వెంట్రుక ఎటు మొలుస్తుందో అటే, చిన్న చిన్న గీతలుగా వేయండి. కటిక నలుపు కన్నా ముదురు గోధుమ రంగు సహజంగా ఉంటుంది. కళ్లు మూసుకుని, వేలికొనతో చిటికెడు పౌడరు పైన అద్దితే చెమటకు త్వరగా చెరగదు. చెమట పడితే రుద్దకుండా రుమాలుతో అద్దుకోండి. మగవారికి గీతలు అవసరం లేదు, పలచని చుక్కలు వేసి వేలితో సమం చేస్తే చాలు.

రెప్పలకు

మెత్తని పెన్సిలుతో పైరెప్ప అంచున, వెంట్రుకలు మొలిచే వరుస వెంట చిన్న చుక్కలు పెట్టి, శుభ్రమైన ఇయర్ బడ్‌తో మెల్లగా కలపండి. దూరానికి రెప్ప వెంట్రుకలు ఉన్నట్లే కనబడుతుంది. రెప్ప లోపలి తడి అంచుకు ఏమీ తగలకూడదు. అతికించే కృత్రిమ రెప్పలు ఇప్పుడు వద్దు. వాటి జిగురు కంటికి పడకపోవచ్చు, తీసేటప్పుడు మిగిలిన వెంట్రుకలు కూడా ఊడతాయి. వాటర్‌ప్రూఫ్ మస్కారాను తీయాలంటే గట్టిగా రుద్దాలి, కనుక అదీ వద్దు.

పడుకునే ముందు అన్నీ తీసేయండి. దూదిని కొబ్బరినూనెలో కొద్దిగా తడిపి కనుబొమలు తుడవండి. రెప్పలను మూసుకుని గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదితో తుడవండి.

వెంటనే ఆసుపత్రికి రావలసినప్పుడు

కన్ను ఎర్రబడినా, పుసులు కట్టినా, నొప్పి వచ్చినా, చూపు మసకబారినా పెన్సిలు మానేసి అదే రోజు చూపించుకోండి. కీమో జరుగుతున్నప్పుడు జ్వరం 38 డిగ్రీలు (100.4 ఫారన్‌హీట్) దాటితే రాత్రయినా ఆలస్యం చేయకండి. మాత్ర వేసి తెల్లవారేదాకా చూద్దామనుకోవద్దు. కర్నూలులోనో హైదరాబాదులోనో చికిత్స పొందుతున్నవారు ముందు దగ్గరలోని ఆసుపత్రికి వెళ్లి, మీ చికిత్స కాగితాలు చూపించండి.

ఇంటివారికి ఒక మాట

చేతులు వణికే రోజుల్లో ఆమె కనుబొమను మీరు దిద్దండి. కూతురు, కోడలు, భర్త ఎవరైనా నేర్చుకోవచ్చు. సంఘస్థులు పలకరించడానికి వెళ్లినప్పుడు ముఖం గురించి మాట్లాడకుండా, "అన్నం సహిస్తోందా? వచ్చే మందుకు తోడు ఎవరు వస్తున్నారు?" అని అడగండి.

మీ కూడికలో చర్చించండి

1. మన సంఘంలో జబ్బు వల్ల ఆరాధనకు రాలేకపోతున్నవారు ఎవరు? వారిని ఎవరు కలుస్తారు?
2. కీమో పొందుతున్నవారు ఇంట్లోని కాటుక, సుర్మా ఎందుకు వాడకూడదు?
3. ఏ గుర్తులు కనబడితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి?

చికిత్సలో ఉన్న ప్రతి ఒక్కరినీ ప్రభువు బలపరచును గాక. మందు తేదీ మాత్రం తప్పకండి.