ట్రాలీ చక్రపు బేరింగును మార్చు విధము

వేసవిలో పంచాయతీ ట్యాంకరు ఒక్క దినము నిలిచిపోయినచో ఎన్ని ఇండ్లవారు ఇబ్బంది పడుదురో సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు. 2019లో ప్రారంభమైన పల్లెప్రగతి కార్యక్రమము క్రింద తెలంగాణ గ్రామపంచాయతీలకు ట్రాక్టర్లు, ట్రాలీలు, నీటి ట్యాంకర్లు సమకూరినవి. మూడువేల లీటర్ల నీరు మూడు టన్నుల బరువు. చక్రముల నడుమ తిరుగు చిన్న ఉక్కు రోలర్లే ఆ బరువును మోయుచున్నవి.

కొత్త బేరింగు త్వరగా చెడినచో సరకును నిందించుట పరిపాటి. కాని తరచుగా దోషము సుత్తిదెబ్బలోను, దుమ్ములోను ఉండును.

మొదట ట్యాంకరును ఖాళీ చేసి, సమతల ప్రదేశమున నిలిపి, మిగిలిన చక్రములకు అడ్డుచెక్కలు పెట్టవలెను. జాకీతో ఎత్తిన పిమ్మట ఇరుసు క్రింద గట్టి దిమ్మ నుంచవలెను. జాకీ నొక్కదానినే నమ్మరాదు.

ట్రాలీ హబ్బులో సామాన్యముగా లోపల ఒకటి, వెలుపల ఒకటి చొప్పున రెండు బేరింగు లుండును. ప్రతిదానికిని హబ్బులో బిగువుగా కూర్చుండు బయటి వలయము, ఇరుసుపైకి ఎక్కు రోలర్ల వలయము కలవు. ఈ రెంటిని జతగానే మార్చవలెను. పాత వలయముపై కొత్త రోలర్లు నిలువవు.

ముఖ్యసూత్ర మిది: బిగువుగా కూర్చుండు వలయముపైననే బలము పడవలెను; రోలర్లమీద ఎన్నడును దెబ్బ పడరాదు. హబ్బును కిరసనాయిలుతో కడిగి, తుడిచి, ఆరనిచ్చి, కొత్త బయటి వలయముపై పాత వలయమును ఆనించి చుట్టును సమముగా తట్టవలెను. అది అడుగున ఆనగానే శబ్దము మారును. తిన్నగా సుత్తితో కొట్టినచో ఉక్కు చిట్లి కంటికి తగులవచ్చును. కావున కండ్లకు రక్షణ అవసరము.

రోలర్ల సందులన్నియు నిండునట్లు శుభ్రమైన గ్రీజును అరచేతితో ఒత్తి ఎక్కింపవలెను. ఆయిల్ సీలును కొత్తదే వేయవలెను. చక్రమును త్రిప్పుచు నట్టును బిగించి, కొంచెము బరువుగా తిరుగగానే కొద్దిగా వదులు చేసి, కొత్త కాటరు పిన్నును వేయవలెను. తయారీదారుల పుస్తకమున కొలత ఉన్నచో దానినే పాటింపవలెను.

కొంతదూరము నడిపిన పిమ్మట హబ్బును చేతితో జాగ్రత్తగా తాకి చూడవలెను. చేయి నిలుపలేనంత వేడి యున్నచో నట్టు మిక్కిలి బిగిసినదన్నమాట. చక్రము ఊగుచున్నచో వదులైనదన్నమాట. ఉపేక్షించినచో నిండు ట్యాంకరు చక్రము నడిరోడ్డున ఊడిపోవచ్చును.

బేరింగు మార్చిన తేదీని పంచాయతీ రిజిస్టరునందు వ్రాయించుడు. డ్రైవరుకు పని చేయుటకు తగిన వ్యవధియు, శుభ్రమైన స్థలమును కల్పించుట సభ్యుల బాధ్యత.