సాఫ్ట్‌వేర్ సరే, పాటేదీ?

ఇంట్లో ఓ గదిని స్టూడియోగా మార్చుకోవాలని ఉత్సాహపడేవాళ్లలో చాలామంది మైకు కొనేస్తారు, హెడ్‌ఫోన్స్ కొనేస్తారు. ఏ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేయాలన్న ప్రశ్న దగ్గరికొచ్చి ఆగిపోతారు. క్యూబేస్ మంచిదా, ఎఫ్ఎల్ స్టూడియోనా? రీపర్‌తో సరిపెట్టుకోవచ్చా, ప్రో టూల్స్ దాకా వెళ్లాలా? ఒక వీడియో చూస్తే ఒకటి గొప్పదనిపిస్తుంది, ఇంకో వీడియో చూస్తే ఇంకొకటి. నెలలు గడిచిపోతాయి. కట్టిన బాణీ మాత్రం ఫోన్‌లోనే మూలుగుతూ ఉంటుంది.

పైకి ఇది సాంకేతిక సమస్యలా కనిపిస్తుంది కానీ, దీని మూలం మన స్వభావంలో ఉంది. పాట రికార్డు చేస్తే అది బాగుందో లేదో తేలిపోతుంది. సాఫ్ట్‌వేర్ కోసం వెతుకుతున్నంత కాలం ఏదీ తేలదు. పైగా ఏదో పని చేస్తున్నామన్న తృప్తి కూడా దక్కుతుంది. మనం వాయిదా వేస్తున్నది చాలాసార్లు ఎంపికను కాదు, మన పాట మీద రాబోయే తీర్పుని.

గీత గీసుకోండి

ఆర్థికశాస్త్రంలో 1978 నోబెల్ అందుకున్న హెర్బర్ట్ సైమన్ ఇలాంటి తికమకకు ఎప్పుడో దారి చూపారు. మనిషికున్న సమయం, సమాచారం, ఆలోచనాశక్తి అన్నీ పరిమితమే. కాబట్టి అన్నిటికన్నా ఉత్తమమైనది ఏదని వెతుకుతూ కూర్చుంటే పని సాగదు. అవసరాల దగ్గర ఒక గీత గీసుకుని, ఆ గీత దాటినదాన్ని తీసుకుని ముందుకు సాగడమే ఆచరణలో తెలివైన పని అన్నది ఆయన ఆలోచనల సారం.

సైమన్ పనిచేసిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోనే 1999లో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ ఆడాసిటీకి శ్రీకారం చుట్టారు. 2000లో విడుదలైన ఈ సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ ఉచితమే. గొంతు రికార్డు చేసి, అక్కర్లేనిది కత్తిరించి, చప్పుడు తగ్గించుకోవడానికి అది చక్కగా సరిపోతుంది. కీబోర్డు మీద వయొలిన్, ఫ్లూట్, డ్రమ్స్ అన్నీ పలికించి పాట మొత్తం అల్లాలంటే మాత్రం చాలదు. అందుకే ‘ఏది మంచిది’ అన్న ప్రశ్న కన్నా ముందు ‘నేనేం చేయబోతున్నాను’ అన్న ప్రశ్న రావాలి.

మీ పనే చెబుతుంది

తంబూర శ్రుతి పెట్టుకుని కీర్తనలు పాడేవారికి రెండు మూడు ట్రాకులు చాలు. మ్యాక్ ఉన్నవాళ్ల దగ్గర గరాజ్‌బ్యాండ్ ఉచితంగా ఉండనే ఉంది. అది సరిపోని రోజు వస్తే అందులో చేసిన పనిని లాజిక్ ప్రోలో తెరిచి కొనసాగించవచ్చు. విండోస్ వాడేవాళ్లు రీపర్‌ని 60 రోజులు ఏ కోతా లేకుండా వాడి చూడవచ్చు. సొంతానికి వాడుకునేవారికి దాని లైసెన్సు 60 డాలర్లు. లూపులు, బీట్ల మీద పాట కట్టేవారికి ఎఫ్ఎల్ స్టూడియో చేతికి త్వరగా అలవాటవుతుంది. ఒకసారి కొంటే తర్వాతి వెర్షన్లకు మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు. అయితే అందులో అన్నిటికన్నా చవకైన ఎడిషన్‌లో గొంతు రికార్డు చేసే వీలుందో లేదో కొనే ముందే చూసుకోవాలి. ధర ఒక్కటే చూసి కొన్నవారికి లోటు మైకు తగిలించాక గానీ తెలియదు.

మిక్సింగ్ పెద్ద స్టూడియోలో చేయించాలనుకున్నా, వాళ్లు వాడే సాఫ్ట్‌వేరే మీరూ కొనాలన్న నియమం లేదు. ఏ సాఫ్ట్‌వేర్ నుంచైనా ప్రతి ట్రాకునూ మొదటి నుంచి చివరిదాకా ఒకే నిడివిలో వేవ్ ఫైలుగా తీసి పంపితే సరిపోతుంది.

మద్దెలను నిందించకండి

పాడుతుంటే మన గొంతు హెడ్‌ఫోన్స్‌లో ఆలస్యంగా వినిపిస్తుంది. తాళం తప్పుతుంది. వెంటనే సాఫ్ట్‌వేర్ మార్చేస్తాం. అసలు లోపం చాలాసార్లు బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో పోగుచేసుకునే శబ్దం) సెట్టింగులో ఉంటుంది. 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు దగ్గర బఫర్ 1024 శాంపిళ్లు ఉంటే ఆ ఒక్క దశలోనే 21 మిల్లీసెకన్ల ఆలస్యం చేరుతుంది. 256కి తగ్గిస్తే అది 5 మిల్లీసెకన్లకు దిగుతుంది. పాడేటప్పుడు తగ్గించి, మిక్సింగ్ అప్పుడు పెంచుకుంటే కంప్యూటరూ తడబడదు. అలాగే ఫ్యాను చప్పుడునీ, ఖాళీ గోడల ప్రతిధ్వనినీ ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తుడవలేదు. ఫ్యాను ఆపి, గోడలకు మందపాటి దుప్పట్లు వేలాడదీస్తే వచ్చే తేడా చెవికే తెలుస్తుంది.

ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఊరికే పుట్టలేదు. లోపం ఎక్కడుందో ఓపిగ్గా వెతికి పట్టుకునే అలవాటు స్టూడియోలోనే కాదు, ఉద్యోగంలోనూ సంసారంలోనూ మనిషిని నిలబెడుతుంది.

తక్కువలోనే పని తెములుతుంది

అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982 జనవరిలో న్యూజెర్సీలోని తన ఇంట్లో నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద కొన్ని పాటలు పాడుకున్నారు. తన బ్యాండుకి వినిపించడానికి చేసుకున్న నమూనాలవి. తర్వాత బ్యాండుతో స్టూడియోలో ప్రయత్నించినా ఆ భావం పలకలేదు. చివరికి ఆ క్యాసెట్ పాటలే ‘నెబ్రాస్కా’ ఆల్బమ్‌గా వచ్చాయి. నాలుగే ట్రాకులున్నప్పుడు ఏది ఉంచాలో ఏది తీసేయాలో అప్పటికప్పుడే తేల్చుకోవాలి. లెక్కలేనన్ని ట్రాకులున్న మనం ఆ నిర్ణయాలన్నీ రేపటికి నెట్టేస్తున్నాం.

2020లో నాలుగు ప్రధాన గ్రామీలు గెలుచుకున్న గాయని బిల్లీ ఐలిష్ తొలి ఆల్బమ్‌లో ఎక్కువ భాగం లాస్ ఏంజెలెస్‌లోని వాళ్లింట్లో, అన్న ఫినియాస్ పడకగదిలో తయారైంది. ఆయన వాడింది లాజిక్ ప్రో. మ్యాక్ ఉన్న ఎవరైనా కొనుక్కోగలిగే సాఫ్ట్‌వేరే అది. అదే పరికరం ఎందరి దగ్గరో ఉంది. తేడా దాని ముందు కూర్చుని పూర్తి చేసిన పనిలో ఉంది.

ఎంచుకున్నాక నిలబడండి

ఎంచుకున్నది రేపు మూతపడితే? అదీ జరిగింది. 2017లో గిబ్సన్ సంస్థ కేక్‌వాక్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తయారీని ఆపేసినప్పుడు ఏళ్ల తరబడి దాన్నే నమ్ముకున్నవాళ్లు కంగారుపడ్డారు. 2018లో బ్యాండ్‌ల్యాబ్ సంస్థ దాన్ని తీసుకుని ఉచితంగా ఇచ్చింది. ఇలాంటి భయానికి విరుగుడు ఇంకో సాఫ్ట్‌వేర్ కాదు. పూర్తయిన ప్రతి పాట ట్రాకుల్నీ వేవ్ ఫైళ్లుగా దాచుకోవడం. ఇక గొంతు స్థాయి ఎంత ఉండాలి, ఏ వాయిద్యం ఎక్కడ తగ్గాలి అన్న చెవి జ్ఞానం మీతోనే ఉంటుంది. దాన్ని ఏ కంపెనీ మూసేయలేదు.

కాబట్టి మీకు మీరే గడువు పెట్టుకోండి. వారం రోజుల్లో మీ పనికి తగినది ఒకటి తేల్చండి. దానితో మూడు పాటలు మొదలుపెట్టి, మూడూ పూర్తి చేసేదాకా ఇంకోదాని వైపు చూడకండి. ఆ పాటలు అంత గొప్పగా రాకపోవచ్చు. అయినా నాలుగో పాటకు ఏం కావాలో మీకు స్పష్టంగా తెలుస్తుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్ మార్చినా అది అవసరం చూసి చేసిన మార్పు అవుతుంది. ఈ వారమే ఒకటి ఎంచుకోండి, వచ్చే వారం పాడటం మొదలుపెట్టండి.