అడ్మినిస్ట్రేటర్ హక్కులు: ఎవరికి, ఎంతవరకు?

2017 జూన్ చివర్లో ముంబయి సమీపంలోని జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో ఒక కంటైనర్ టెర్మినల్ పనులకు అంతరాయం కలిగింది. దాన్ని నిర్వహిస్తున్న డెన్మార్క్ సంస్థ మేర్స్క్ కంప్యూటర్లలోకి ‘నాట్‌పెట్యా’ అనే హానికర ప్రోగ్రాం చొరబడడమే కారణం. ఉక్రెయిన్‌లో ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో బయల్దేరిన ఈ ప్రోగ్రాం, కంప్యూటర్ మెమరీలో ఉన్న అడ్మినిస్ట్రేటర్ లాగిన్ వివరాలను దొంగిలించి, వాటితోనే పక్క కంప్యూటర్లలోకి పాకింది.

ఈ హక్కులకు అంత బలం ఎక్కడిది? ఆపరేటింగ్ సిస్టంలో ప్రతి యూజరుకూ ఒక గుర్తింపు ఉంటుంది. ఫైలు తెరవాలన్నా, సెట్టింగు మార్చాలన్నా ఆ గుర్తింపుకు అనుమతి ఉందో లేదో సిస్టం పరిశీలిస్తుంది. లినక్స్‌లో గుర్తింపు సంఖ్య 0 గల యూజరును ‘రూట్’ అంటారు. ఫైళ్లపై ఉండే మామూలు ఆంక్షలు రూట్‌ను ఆపలేవు. సాధారణంగా ఒక ప్రోగ్రాం, దాన్ని నడిపిన యూజరు హక్కులతోనే పనిచేస్తుంది. అందుకే రూట్‌గా ఉండి హానికర ప్రోగ్రాం నడిపితే దొంగకు ఇంటి తాళాలన్నీ అప్పగించినట్టే.

పనికి అవసరమైనంత అధికారమే ఇవ్వాలన్న ‘కనీస హక్కుల సూత్రాన్ని’ జెరోమ్ సాల్ట్‌జర్, మైఖేల్ ష్రోడర్ 1975లో తమ పరిశోధనా పత్రంలో వివరించారు. దాన్ని అమలు చేయడానికి గ్రూపులు తోడ్పడతాయి. ఒక కాలేజీ ల్యాబ్‌లో విద్యార్థులకు ఒకటి, ల్యాబ్ సహాయకులకు ఒకటి గ్రూపులు ఏర్పాటు చేసి, హక్కులను గ్రూపుకే ఇస్తారు. కొత్త ఉద్యోగి వస్తే గ్రూపులో చేర్చడం, బదిలీ అయితే తొలగించడం చాలు. ఈ రెండో పనిని మరిచిపోవడమే ప్రమాదం. పైగా గ్రూపు నుంచి తొలగించినా, అప్పటికే లాగిన్ అయి ఉన్న వ్యక్తికి పాత హక్కులు లాగౌట్ అయ్యేవరకు కొనసాగవచ్చు.

లినక్స్‌లో అధికారాన్ని అవసరమైనప్పుడే వాడుకునేందుకు ‘సుడో’ ఉంది. ఇది 1980 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయం బఫెలో ప్రాంగణంలో పుట్టింది. యూజరు సాధారణంగా తన పాస్‌వర్డే ఇస్తాడు కాబట్టి రూట్ పాస్‌వర్డ్‌ను పదిమందికి చెప్పనక్కర్లేదు. ఎవరు ఏ ఆదేశం ఇచ్చారో లాగ్‌లో నమోదవుతుంది. సహాయకుడికి ప్రింటర్ సర్వీసును మళ్లీ ప్రారంభించే ఒక్క ఆదేశానికే అనుమతి ఇవ్వవచ్చు. అయితే రూట్ హక్కులతో టెక్స్ట్ ఎడిటర్ నడపనిస్తే మాత్రం అధికారమంతా ఇచ్చినట్టే. ఎడిటర్‌తో ఏ ఫైలునైనా మార్చవచ్చు, చాలా ఎడిటర్ల నుంచి వేరే ఆదేశాలూ ఇవ్వవచ్చు.

విండోస్ కూడా విస్టా నుంచి ఇదే దారి పట్టింది. అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అయినా ప్రోగ్రాంలు మామూలు హక్కులతోనే మొదలవుతాయి. సిస్టంలో కీలక మార్పు చేయాలంటే తెరపై అనుమతి అడుగుతుంది. చూడకుండా ‘ఎస్’ నొక్కేస్తే ఆ రక్షణ వృథా.

హక్కులు తగ్గించినంత మాత్రాన అన్ని దాడులూ ఆగవు. నాట్‌పెట్యా సాఫ్ట్‌వేర్ లోపాలనూ వాడుకుంది. కానీ ఒక కంప్యూటర్‌కు సోకినది వందల కంప్యూటర్లకు పాకకుండా అడ్డుకట్ట వేయవచ్చు. ఇంట్లోనైనా సరే, రోజువారీ పనికి మామూలు ఖాతా, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడానికి విడిగా అడ్మినిస్ట్రేటర్ ఖాతా పెట్టుకోవడం మంచిది.